పదకొండో అధ్యాయానికి నేను వేసిన సున్నా

నవంబరు నెల, రెండో ఆదివారం. బాపట్లలో మా చెల్లెలి ఇల్లు. మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి మొదలు.

హాజరైనవారు: మా చెల్లెలు. ఆమె భర్త, అంటే మా బావ, బట్టల కొట్టు యజమాని. రేపల్లెలో ముప్పై ఏళ్ళు సినిమాహాలు చూసుకుని ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న మేనేజరు గారు. నా భార్య. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై తెనాలిలో ఉంటున్న నేను.

రానివారు: లేరు.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. బండి బయలుదేరిన వేళ, ఆగిన వేళ, ఆగిన కారణం రాయడం ఉద్యోగంలో అలవాటై, ఇంటికొచ్చాక డైరీ కూడా అలాగే రాసేవాణ్ణి. ఇప్పుడు గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ మాట విన్నప్పటినుంచి మా మేనేజరు గారు, "మనిద్దరిదీ ఒకటే హోదా అయిందండి, ఇక టిక్కెట్టు లేకుండా బండెక్కుతాను" అంటుంటారు.

మా కలయికకి పేరంటూ లేదు. నెలకోసారి రెండో ఆదివారం భోజనం, ఒక నెల తెనాలిలో, ఒక నెల బాపట్లలో, ఒక నెల రేపల్లెలో. ఎవరింట్లో భోజనమైతే వాళ్ళు ఆ నెలకి ఒక కొత్త సినిమా, ఒక కొత్త నవల చెబుతారు. అందరూ ముందే చూసి, చదివి రావాలి. నేను నూటికి మార్కులు వేస్తాను. కథకి ముప్పై, మాటలకి ఇరవై, నటనకి ఇరవై, సహజత్వానికి ఇరవై, పాటలకీ చప్పుళ్ళకీ కలిపి పది. నవలైతే నటన మార్కులు పాత్రలకి, చివరి పది అచ్చుతప్పులు లేకపోవడానికి.

ఆ నెల నవల చెప్పింది మా చెల్లెలు. రాసింది కూడా ఆమేనని మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకి నాకు తెలిసింది. ఒక మగ పేరు పెట్టుకుని రాసింది. అప్పటికే ఆ సంగతి తెలిసినవాళ్ళు మా బావ, నా భార్య. తెలియనివాళ్ళం మేనేజరు గారూ నేనూ. నేను నోట్సు రాసుకున్నదీ వాదించినదీ తెలియకముందే కాబట్టి, చదివేవాళ్ళకి ముందే చెప్పడం న్యాయం.

మొదట సినిమా.

దాన్ని నేను తెనాలిలో ఉదయం ఆటకి చూశాను. పదకొండన్నారు, పదకొండు పన్నెండుకి వేశారు. హీరో మొహం కనబడింది పదకొండు నలభై ఒకటికి. అప్పటిదాకా ఆయన బూట్లు, ఆయన నీడ, ఆయన పేరు విని వణికేవాళ్ళు. పన్నెండు యాభైకి విశ్రాంతి. అప్పటికి చచ్చినవాళ్ళని అరవై నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాను. ఒకడి తల తెగి పళ్ళెంలో పడినప్పుడు నా ముందు వరసలో తల్లి ఒడిలో ఉన్న పిల్ల చప్పట్లు కొట్టింది. తల్లి ఆ పిల్ల చేతులు పట్టుకుని ఇంకా గట్టిగా కొట్టించింది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. యాక్సిడెంట్లు చూసినవాణ్ణి, పట్టాల మీద మనుషుల్ని ఏరించినవాణ్ణి. తెగిన తలకి చప్పట్లు కొట్టడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

ఇది చెబితే మా బావ, "నేను ఫోన్లో చూశాను బావగారూ, స్పీడు పెంచుకుని. నాకు అందరూ టపటపా చచ్చిపోయారు. గంటన్నరలో అయిపోయింది" అన్నాడు.

"అసలు చూశావా, పడుకున్నావా?" అంది మా చెల్లెలు.

"రెండూ చేశానోయ్. కొట్లో కూర్చునేవాడికి ఆ విద్య రావాలి."

మేనేజరు గారికి బాధ చప్పుడు గురించి. "చెవులు కాదండి, ఛాతీ అదిరింది. మా రోజుల్లో హీరో ఏడిస్తే హాల్లో ముక్కు చీదడం వినబడేది. నేను ప్రొజెక్టరు గదిలోంచి దిగొచ్చి ఆ చప్పుడు వినేవాణ్ణి. ఏ సీన్లో ఎంతమంది చీదారో దాన్నిబట్టి ఎన్ని వారాలు ఆడుతుందో చెప్పేవాణ్ణి. ఇప్పుడు పక్కవాడు గుండెపోటుతో పోయినా తెలియదు."

నా ఫిర్యాదు వేరు. మూడు గంటలు కూర్చోబెట్టి, హీరో కత్తి ఎత్తినచోట ఆపి, రెండో భాగం త్వరలో అన్నారు. తెనాలికి టిక్కెట్టిచ్చి వేమూరులో దించేసి, మిగతా ప్రయాణం రెండేళ్ళ తర్వాత అంటే ప్రయాణికులు ఊరుకుంటారా అన్నాను. ముప్పై ఒకటి వేశాను.

మా చెల్లెలు మాత్రం, "ఆడవాళ్ళు గిన్నెలు తోముతూ చచ్చినవాళ్ళ పేర్లు చెప్పుకునే సీనుంది చూశావా అన్నయ్యా? నిమిషన్నర ఉంటుందంతే. దానికోసం చూడొచ్చు" అంది. నా నోట్సు తిరగేశాను. ఆ నిమిషన్నరలో నేను చచ్చినవాళ్ళ లెక్క కూడుకుంటున్నాను. ఆ సీను నాకు గుర్తులేదు. ఒప్పుకున్నాను. నా భార్య, "రాసుకునేవాళ్ళకి చూడటం కుదరదు" అంది.

రెండున్నరకి నవల మొదలైంది.

ఈ మధ్య జనం విరగబడి చదివే నవలలు నన్ను అంతగా మెప్పించలేదు. ఫోన్లలో మూడేసి వందల భాగాలు వస్తున్నాయి. ప్రతిదాంట్లో ఒక కోపిష్టి కోటీశ్వరుడు, అతని ఆఫీసులో చేరిన ఒక పేద పిల్ల, నలభయ్యో భాగంలో లిఫ్టు ఆగిపోవడం. నేను వాటిల్లో ఆరింటిని పూర్తిగా చదివే ఈ మాట అంటున్నాను. ఆరింటిలోనూ లిఫ్టు ఆగింది. ఈ నవల అలాంటిది కాదు. పుస్తకంగా వచ్చింది, నాలుగు నెలల్లో అయిపోయింది, రెండోసారి అచ్చుకి వెళ్తోందని మా చెల్లెలు చెప్పింది.

కథ ఇది. ఏటి ఒడ్డున ఒక ఊరు. తండ్రి రైసుమిల్లులో గుమాస్తా, మాట తక్కువ మనిషి. కొడుకు బస్సు కండక్టరు. కూతురికి పట్నంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వస్తుంది. పదకొండో అధ్యాయంలో తండ్రి కొడుకుని పిలిచి, ఆడపిల్ల సంపాదన ఈ ఇంట్లోకి రాకూడదు, రేపు ఫస్టు బస్సు లేదని దానికి చెప్పు అంటాడు. కొడుకు చెబుతాడు. ఆ పిల్లకి అనుమానమొచ్చి తెల్లవారుజామునే స్టాండుకి పరిగెత్తుతుంది. బస్సు కదులుతుంటుంది. ఫుట్‌బోర్డు మీదున్న అన్న ఆమెని చూసి కూడా రైట్ అంటాడు. తర్వాత ఆ పిల్ల ఒక కిరాణా కొట్టులో గల్లా వెనక నలభై ఏళ్ళు గడుపుతుంది.

"మొదటి పది అధ్యాయాలు బాగున్నాయి. వంటింటి సంగతులు ఈ కుర్రాడికి బాగా తెలుసు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని రాసుంటాడు" అన్నాను.

"అంతే అయుంటుందిలే" అంది మా చెల్లెలు.

"కానీ ఆడపిల్ల మనసు తెలియదు. నలభై ఏళ్ళు అన్నని ఒక్క మాట అడగదా? ఇంటికొచ్చిన ప్రతిసారీ వడ్డిస్తుందా?"

నా భార్య మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేనేజరు గారు అందుకున్నారు. "నాకా తండ్రి పాత్ర నచ్చిందండి. నచ్చడం అంటే, చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. అలా అనిపించాడంటే రాసినవాడు గొప్పవాడే. ఒక్క మంచి మాట లేదు చూడండి ఆ మనిషి గురించి, పుస్తకం మొత్తంలో."

"మీరేమన్నా అనండి, పదకొండో అధ్యాయానికి నేను సహజత్వం కింద సున్నా వేశాను" అన్నాను. "కండక్టరుకి మర్నాటి బస్సు లేదని ముందురోజు ఎలా తెలుస్తుంది? చెల్లెలైనా అడగదా, నీకెవరు చెప్పారని? ఇది ఒకటి. రెండోది, చెల్లెలు పరిగెత్తుకొస్తుంటే చూసి రైట్ అంటాడా? ఏ అన్నా అనడు. నేను ముప్పై నాలుగేళ్ళు జెండా ఊపాను. ముక్కూమొహం తెలియని ముసలామె పరిగెత్తుకొస్తున్నా చెయ్యి దానంతటదే ఆగుతుంది."

"ఇరవైకి సున్నానా?" అంది మా చెల్లెలు.

"ఇరవైకి సున్నా."

"పరిగెత్తడం నేను కలిపాను అన్నయ్యా. దానికి ఎన్ని కోసుకుంటావో కోసుకో. మిగతాది జరిగింది."

నాకు అర్థం కాలేదు. గడియారం చూసి 3.20 అని రాసుకున్నాను. చేతి అలవాటది. మా బావ కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "బావగారూ, ఆ కుర్రాడు ఈవిడే" అన్నాడు. "కొట్లో గల్లా దగ్గర కూర్చుని ఫోన్లో రాసింది, రెండేళ్ళు. బేరానికొచ్చినవాళ్ళు ఎవరికో మెసేజిలు పెడుతోందనుకునేవాళ్ళు."

నేను లోపలికి చూశాను. నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకు తెలుసా?"

"అచ్చుకి పోకముందే చదివాను. తప్పులు దిద్దిందీ నేనే. అచ్చుతప్పులకి పదికి ఎనిమిదే వేశారు, ఆ రెండూ ఎక్కడో తర్వాత చెప్పండి."

మా బావ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"కండక్టరని పెట్టాను. గార్డు అని పెడితే మొదటి పేజీలోనే పట్టేస్తావని" అంది మా చెల్లెలు. "నువ్వు చదివి ఫోన్ చేస్తావని చూశాను. పదిహేను రోజులు చూశాను. నువ్వు మార్కులేసుకొచ్చావు."

ఆమె ఏ రోజు గురించి మాట్లాడుతోందో అప్పుడు తెలిసింది.

మేము అప్పుడు రేపల్లెలో ఉండేవాళ్ళం. నాన్నగారు ఎరువుల కొట్టులో గుమాస్తా. నేను రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు వెళ్ళే ప్యాసింజరుకి గార్డుని. చెల్లెలికి ఇరవై ఒకటి. గుంటూరులో పదకొండు గంటలకి ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆ వారం వానలకి రోడ్డు మునిగి బస్సులు లేవు, పొద్దున నేను పనిచేసే బండి ఒక్కటే దారి. అది ఎనిమిదిన్నరకి గానీ కదలదని ముందురోజు నేనే ఆమెకి చెప్పాను. అది మామూలు వేళకే వెళ్ళిపోయింది. ఇంటర్వ్యూ తప్పింది. మళ్ళీ పిలుపు రాలేదు. మూడేళ్ళ తర్వాత పెళ్ళై బాపట్ల వచ్చింది. ఇవన్నీ నాకు తెలిసిన సంగతులే. నాకు గుర్తున్నంతవరకు బండి ఆలస్యమని ఎవరో నాతో అన్నారు, నేను నమ్మి చెప్పాను, అది పొరపాటు. ఇంట్లో ఎప్పుడు ఆ ప్రస్తావన వచ్చినా ఇలాగే చెప్పేవాణ్ణి. ఆ ఆదివారం కూడా అదే చెప్పాను.

"ఎవరన్నారు?" అంది.

"స్టేషన్లో ఎవరో."

"నువ్వు గార్డువి అన్నయ్యా. ఎవరో అంటే నమ్ముతావా?"

ఆ ఎవరో అన్న మనిషికి ఒక మొహం కూడా దొరకలేదు.

"నాన్న చెప్పారని నాకు అప్పుడే అనిపించింది. నాన్న చెబితే నువ్వు కాదనవు. ఆయన పోయినప్పుడు నాకు కన్నీళ్ళు రాలేదు, నువ్వు చూశావుగా. అందరూ నా గుండె రాయన్నారు." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు అందరి తప్పులూ రాస్తావు. ఆ రోజుది కూడా రాసే ఉంటావు. చూసి చెప్పు. రేపు పదింటికి పబ్లిషరు ఫోన్ చేస్తాడు. రెండో ముద్రణలో మార్పులుంటే అదే ఆఖరు. నాన్న అలా అని ఉంటే పుస్తకం అలాగే పోతుంది. అనకపోతే..."

మేనేజరు గారు నాన్నగారిని ఎరుగుదురు. ఆయన హాల్లోనే మా నాన్నగారు శనివారం నేల టిక్కెట్టు మీద సినిమా చూసేవారు. "నేనన్న చెప్పు మాట వెనక్కి తీసుకుంటానమ్మా, నాకు తెలియదు" అన్నారు.

"వద్దండి. అలా అనిపించేట్టే రాశాను" అంది.

నాలుగున్నరకి లేచాం. మేనేజరు గారు చెరుకుపల్లి మీదుగా పోయే బస్సు ఎక్కారు. మేము తెనాలి బండెక్కాం. ఆ సాయంత్రం నవల మీద వేసిన మొత్తం మార్కులు కూడలేదు. బండిలో నా భార్య ఒక్క మాటే అంది. "మీరు నిజంగా మర్చిపోయారా, లేక మాకు చెప్పడం మానేశారా?" నిజంగానే నాకు తెలియలేదు.

డైరీలు ఇనపపెట్టెలో ఉంటాయి, ఏడాదికొకటి, కాగితం చుట్టి, వీపు మీద సంవత్సరం రాసి. కావలసినది వెతకడానికి మూడు నిమిషాలు పట్టింది. ఏడున్నరకి హాల్లో లైటు కింద కూర్చుని విప్పాను. అప్పటి నా అక్షరాలు ఇప్పటికంటే గుండ్రంగా ఉన్నాయి. ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"రేపు చెల్లి గుంటూరు ఇంటర్వ్యూ. సాయంత్రం అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి ఏడ్చింది. ఇది ఉద్యోగానికి పోతే ఈ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడాలిరా అంది. మీ నాన్న రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు, నువ్వు ఇంట్లో ఉండవు అంది. బండి ఆలస్యమని చెప్పమంది. నాన్నగారికి తెలియనివ్వద్దని ఒట్టేయించుకుంది. చెల్లికి ఎనిమిదిన్నర అని చెప్పాను. నాన్నగారు చీకటి పడే వేళ బజారుకెళ్ళి చెల్లి చెప్పులు కుట్టించుకొచ్చారు."

మర్నాటి పేజీ: "బండి రైట్ టైము, 6.25. చెల్లి రాలేదు. వాన లేదు." కింద గీత కొట్టి ఉంది. గీత కింద ఆ సాయంత్రం గుంటూరులో మొదటి ఆట చూసిన సినిమా గురించి ఇరవై రెండు వరసలు. రెండో సగం సాగదీశారని, హాస్యం అతకలేదని, ఫోటోగ్రఫీ బాగుందని. డెబ్భై ఒకటి వేశాను.

నేను ఎవరి రాతో చదువుతున్నట్టు మళ్ళీ మళ్ళీ చదివాను. పెరడు గుర్తుంది, అరటి చెట్లు గుర్తున్నాయి. అమ్మ ఏడవడం గుర్తులేదు. ఒట్టు గుర్తులేదు. ఆ సినిమా మాత్రం గుర్తుంది, ఒక పాట మొదటి వరస ఇప్పటికీ పాడగలను. చెల్లెలి బతుకు మారిన రోజుని మూడు ముక్కల్లో రాసి, దాని కిందే సినిమాకి ఇరవై రెండు వరసలు రాసినవాడు నేనేనంటే నమ్మడానికి చాలాసేపు పట్టింది. ఒట్టేశాను కాబట్టి ఎవరికీ చెప్పకూడదు. చెప్పకూడదు కాబట్టి ఇంకో సంగతి కల్పించి చెప్పాను. చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మాను. అంతే అయుంటుంది.

నా భార్య డైరీ తీసుకుని చదివింది. మూసి నా ముందు పెట్టి, "ఇది ఆవిడకి చెప్పకండి" అంది.

మా అమ్మ చివరి ఆరేళ్ళు బాపట్లలో చెల్లెలి దగ్గరే ఉంది. నాలుగేళ్ళు మంచం మీదే. ఎత్తడం, దించడం, తల దువ్వడం, అన్నం పెట్టడం, అన్నీ చెల్లెలే. మా ఇంటికి తీసుకొస్తానంటే, నా దగ్గరే ఉండనీ అంది.

"ఆ ఆరేళ్ళు ఇప్పుడు ఏమవ్వాలండి?" అంది నా భార్య. "పోయినావిడ పోయింది. ఉన్నావిడ ఎలా నిద్రపోవాలి?"

"చెప్పకపోతే నాన్నగారు మళ్ళీ అచ్చవుతారు. ఎంతమంది చెప్పు తీసుకుంటారో."

"ఆయనకి తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుంది."

"ఇన్నాళ్ళూ తెలియలేదుగా."

ఆవిడ కావాలనే అంది, తగలాలనే అంది. కాసేపటికి తనే, "నన్ను అడిగితే వద్దంటాను. కానీ అడిగింది మీ చెల్లెలు. ఏముందో చూసి చెప్పమంది. మీరు మళ్ళీ ఏదైనా కల్పించి చెబితే అది రెండోసారి అవుతుంది" అని దీపం పెట్టడానికి వెళ్ళింది.

మర్నాడు సోమవారం. పొద్దున మొదట దొరికిన బండికి బాపట్ల వెళ్ళాను. డైరీ సంచిలో ఉంది. ఎనిమిది యాభైకి ఇల్లు చేరాను. కింద కొట్టు, పైన ఇల్లు. మా బావ కొట్టు ముందు ఊడ్చి నీళ్ళు చల్లుతున్నాడు. నా మొహం చూసి పైకి వేలు చూపించాడు.

చెల్లెలు వరండాలో కూర్చుని ఉంది. పుస్తకం, పెన్ను, ఫోను ముందు పెట్టుకుంది. డైరీ ఆ పేజీ దగ్గర తెరిచి ఇచ్చాను. చదివింది. పేజీ తిప్పి మర్నాటిది కూడా చదివింది. సినిమా గురించి రాసిన ఇరవై రెండు వరసలు కూడా, ఒక్కటి వదలకుండా. నాకు అక్కడ నిలబడటం కష్టమైంది.

"పెరట్లోనా?" అంది.

"అలా రాశాను."

"నీకు గుర్తులేదా?"

"లేదు."

"నిజంగానా?"

"నిజంగానే అమ్మాయ్."

"నువ్వు చేసినదానికన్నా అదే కష్టంగా ఉంది నాకు."

కింద కొట్టు షట్టరు లేచిన చప్పుడైంది. ఆమె డైరీ మూయలేదు.

"అమ్మ చివర్లో రోజూ అడిగేది" అంది. "అన్నం పెడుతుంటే చెయ్యి పట్టుకుని, నీకు నా మీద కోపం లేదుగా అనేది. మతి తప్పి అడుగుతోందనుకున్నాను. ఎందుకమ్మా కోపం అనేదాన్ని. రోజూ అదే అడిగేది, రోజూ అదే చెప్పేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంది. చెప్పేశానుగా, లేదని." కళ్ళు తుడుచుకుంది. "చెప్పులు నాన్న కుట్టించారని నాకు తెలియదు. ఆ వేళ స్టేషనుకి వాటితోనే నడిచాను. చూసుకోనైనా లేదు."

పదింటికి నాలుగు నిమిషాలుండగానే ఫోన్ మోగింది. నేను లేవబోయాను. కూర్చోమని చేత్తో సైగ చేసి, నాక్కూడా వినబడేట్టు స్పీకరు పెట్టింది. పబ్లిషరు మర్యాదస్తుడు. మేడమ్, మార్పులేమన్నా ఉన్నాయా, లేకపోతే ఈ పూటే మిషనెక్కిస్తానండి అన్నాడు.

"ఉన్నాయండి. పదకొండో అధ్యాయం ఒక్కటే. తండ్రి కొడుకుని పిలిచి చెప్పే పేజీ మొత్తం తీసెయ్యండి."

"మొత్తమా మేడమ్? అందరూ ఆ పేజీ గురించే మాట్లాడుతున్నారు."

"మొత్తం. ఆ చోట తండ్రి బజారుకెళ్ళి కూతురి చెప్పులు కుట్టించుకొస్తాడు. నాలుగు వరసలు రాసి మధ్యాహ్నం లోపు పంపిస్తాను."

"మరి బస్సు లేదని చెప్పమని కొడుక్కి ఎవరు చెప్పినట్టు? తల్లా?"

ఆమె నావైపు చూసింది. ముఖంలో కోపం లేదు. నేను నోరు తెరిస్తే వినడానికి సిద్ధంగా ఉన్నట్టు ఉంది. నేను తెరవలేదు.

"ఎవరూ చెప్పలేదండి" అంది. "అన్నే చెప్పాడు. వాడంతట వాడే."

"ఎందుకని అడుగుతారు కదా మేడమ్, చదివేవాళ్ళు."

"అడగనివ్వండి. పరిగెత్తడం కూడా తీసెయ్యండి, అది జరగలేదు. ఆ పిల్ల వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది."

పబ్లిషరు ఒక్కొక్కటీ రాసుకుంటూ పైకి చదివాడు. తండ్రి పేజీ తొలగింపు. చెప్పుల సంగతి చేర్పు. పరుగు తొలగింపు. అబద్ధం చెప్పింది అన్న, తనంతట తానే. సరేనా మేడమ్ అని అడిగాడు.

చెల్లెలు ఫోను నావైపు కొంచెం జరిపి, "సరేనా అన్నయ్యా?" అంది.

"సరే" అన్నాను.